ఫిబ్రవరి ముప్ఫై

సున్నాకు కింద ముప్ఫై నాలుగు.
విన్నిపెగ్‌లో ఆ చలికి
మన ఊపిరే మన కనురెప్పల మీద గడ్డకడుతుంది.
సెల్కర్క్ వీధి మూల, ఎర్ర పలక దగ్గర
బ్రేకు తొక్కాను.
చక్రాలు ఆగాయి. కారు ఆగలేదు.
చెప్పాల్సిన మాట ఇంకొకటి మిగిలినవాడిలా
నెమ్మదిగా గీత దాటి
కూడలి నడుమ నిలబడింది.

కానిస్టేబుల్ చిన్నపిల్ల. ఛాతీ మీద బోలియూ అని పేరు.
తొడుగు తీసి రాస్తే వేళ్ళు పోతాయి,
తొడుక్కుని రాస్తే అక్షరాలు పోతాయి.
అక్షరాల్నే పోనిచ్చింది.
సిరా బిగుసుకుంటే కలాన్ని నోట్లో పెట్టుకుని వెచ్చబెట్టి
మళ్ళీ రాసింది.
నేనేమీ అనలేదు.
పాతికేళ్ళుగా కర్లింగ్ రింకులో మంచు పరిచేవాణ్ణి,
వేళ్ళ సంగతి నాకు తెలుసు.

ఇంటికొచ్చి, అద్దాలు తుడుచుకుని చదివాను.
మైరన్ లెసిక్ అనే నేను
మేరియన్ లెసిక్ అయ్యాను.
ఐత్వం ఎగిరిపోయి ఏత్వం వచ్చి కూర్చుంది.
స్త్రీ అన్న గడిలో టిక్కు.
బూడిదరంగు కారు గోధుమరంగుకు తిరిగింది
(తప్పు ఆ పిల్లది కాదు, రోడ్డు మీద చల్లిన ఉప్పుది).
తేదీ: ఫిబ్రవరి ముప్ఫై.
చిరునామా మాత్రం అక్షరం పొల్లుపోలేదు.
జరిమానా అంకె కూడా.
సర్కారు చెయ్యి ఎంత కొంకర్లు పోయినా
డబ్బు దగ్గర వణకదు.

క్లబ్బులో ఒరెస్ట్ కాగితం లాక్కుని చదివి
"ఇది టికెట్ కాదురా, లాటరీ" అన్నాడు.
వాయిదా జులైకి పడింది.

ఆ ఐదు నెలలూ ఆవిడ మా ఇంట్లోనే ఉంది,
ఫ్రిజ్ మీద, చేపబొమ్మ అయస్కాంతం కింద.
కాఫీ కలుపుకుంటూ చూసేవాణ్ణి.
ఎవరమ్మా నువ్వు, నా ఇంటిపేరు పెట్టుకుని?
నెలలో లేని రోజున, ఊళ్ళో లేని కారులో
అంత తొందరగా ఎక్కడికి?
ఇరవై ఎనిమిదికల్లా అద్దె, కరెంటు, అప్పులు
అన్నీ మీద పడే నెల కదా అది.
దాని చివర రెండు రోజులు అతికించుకుని
ఎవర్నో చూసి రావడానికి బయల్దేరి ఉంటుంది.
ఆగమంటే ఆగుతుందా!

జులై. కోర్టు కిటికీకి దోమలు.
సర్కారు వకీలు చొక్కా వీపుకి అంటుకుపోయింది.
పేరు దిద్దుకుంటామన్నాడు. సరే.
రంగు దిద్దుకుంటామన్నాడు. సరే.
తేదీ దగ్గర మేజిస్ట్రేటమ్మ
గోడ క్యాలెండర్ తెప్పించుకుని, ఫిబ్రవరి తిప్పి
వేలితో చివరి గడిదాకా వెళ్ళింది.
ఆ తర్వాత వేలికి తోవ లేదు.
"లేని రోజున ఎవరూ నేరం చెయ్యలేరు" అంది.
కొట్టేసింది.

ఎవరూ అడగలేదు
నువ్వు ఆగావా, ఆగలేదా అని.
నాలుక చివరిదాకా వచ్చింది:
అమ్మా, కాలు ఆగింది, చక్రం ఆగింది,
మంచు ఒక్కటే ఒప్పుకోలేదు.
ముప్ఫై డిగ్రీల ఎండలో ఆ మాట
ఎవరి చేతిలో పెట్టినా కరిగిపోయేది.
మింగేశాను.

మెట్ల మీద బోలియూ ఎదురైంది. నవ్వలేదు.
"మీరు బ్రేకు వేశారు. నేను చూశాను.
కానీ గడిలో ఆగారు, ఆగలేదు అనే ఉంటాయి.
మూడోది లేదు."
ఈసారి పెన్సిల్ పెట్టుకో, గడ్డకట్టదు అన్నాను.
జేబులోంచి తీసి చూపించింది.
పళ్ళగాట్లు అప్పుడే పడ్డాయి దాని మీద.

డబ్బు మిగిలింది. ఒరెస్ట్‌కి బీరు పోయించాను.
రాత్రి అయస్కాంతం తీశాను గాని
కాగితం చింపడానికి చెయ్యి రాలేదు.
గెలిచింది నేను.
ఊళ్ళో లేకుండా పోయింది ఆవిడ.

ఈ ఏడు ఇరవై ఎనిమిది రాత్రి
రింకు మీద ఆఖరి నీటిచుక్కలు చల్లి
లైట్లు ఆర్పేస్తూ
తలుపు దగ్గరిది ఒక్కటి వదిలేశాను.
కరెంటు బిల్లు చూసి క్లబ్బువాళ్ళు అడిగితే
పొరపాటున, అని రాసిస్తాను.